రేక్యవిక్‌ను కాలినడకన చూడటం ఎలా?

ఐస్‌లాండ్ వెళ్ళొచ్చినవాళ్ళ ఫోన్లలో జలపాతాలుంటాయి, హిమానీనదాలుంటాయి, నల్ల ఇసుక తీరాలుంటాయి. రాజధాని మాత్రం ఎక్కడో రెండు ఫోటోల్లో తొంగిచూస్తుంది. చాలామందికి రేక్యవిక్ అంటే రాత్రి పడుకుని పొద్దున్నే టూర్ బస్సెక్కే చోటు, అంతే. నేనూ అలాగే ప్లాన్ వేసుకున్నాను. ఈదురుగాలికి టూర్ రద్దవడంతో ఒక రోజంతా ఊళ్ళోనే ఉండిపోవాల్సి వచ్చింది. ఆ ప్రయాణంలో ఇప్పటికీ బాగా గుర్తున్నది ఆ రోజే. అందుకే ఇక్కడ చెప్పేదంతా ఊరి గురించే. దీనికి రెండు పూర్తి రోజులు పక్కన పెట్టండి, జలపాతాలు ఎక్కడికీ పోవు.

ఊరి కొలత ముందు తెలిస్తే ప్లాన్ సులువవుతుంది. జనాభా సుమారు లక్షా నలభై వేలు, అంటే మన శ్రీకాకుళం లాంటి పట్టణమన్నమాట. దేశం మొత్తం కలిపినా నాలుగు లక్షలకు కాస్త తక్కువే. కానీ ఇందులోనే పార్లమెంటు, ప్రధాని ఆఫీసు, జాతీయ థియేటర్, పెద్ద సంగీత భవనం, అన్నీ ఉన్నాయి. ప్రపంచంలో స్వతంత్ర దేశాల రాజధానులన్నింటిలో ఉత్తరాన చిట్టచివరిది ఇదే. ఇంగ్లీషు రాతలో జె కనిపించినా పలికేది య అనే. పేరుకు అర్థం ‘పొగల అఖాతం’. తొలినాటి వలసవాళ్ళు చూసింది పొగ కాదు, నేలలోంచి లేస్తున్న వేడినీటి ఆవిరి. ఆ వేడినీళ్ళే ఈ ఊరికి ప్రాణం. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ మళ్ళీ అక్కడికే వస్తాం.

1. బయల్దేరకముందు

ఇండియా పాస్‌పోర్టు ఉంటే షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చేది) కావాలి. దానికి కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. మన దగ్గర్నుంచి నేరుగా విమానాలు లేవు. కోపెన్‌హాగన్, ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ లాంటి చోట మారాలి. లండన్ మీదుగా టికెట్ తీసుకునే ముందు బ్రిటన్ ట్రాన్సిట్ వీసా అడుగుతారేమో చూసుకోండి. అమెరికాలో ఉండే తెలుగువాళ్ళకైతే మంచి దారి ఒకటుంది. ఐస్‌లాండ్‌ఎయిర్‌లో యూరప్ వెళ్తూ మధ్యలో 7 రోజుల దాకా ఇక్కడ ఆగినా విమాన ఛార్జీ పెంచరు. అయితే అమెరికా వీసా చేతిలో ఉంది కదా అని షెంగెన్ వీసా సంగతి మర్చిపోవద్దు.

ఏ నెలలో వెళ్ళాలన్నది చలి కన్నా వెలుతురును చూసి తేల్చుకోండి. జూన్‌లో సూర్యుడు అర్ధరాత్రి దాటాక అస్తమించి, మూడు గంటలకల్లా మళ్ళీ వచ్చేస్తాడు. డిసెంబరులో పదకొండు దాటాక తెల్లారి, మూడున్నరకే పొద్దుగూకుతుంది. చలి మాత్రం మనం భయపడేంత ఉండదు. జులైలో పగలు 13, 14 డిగ్రీలు, జనవరిలో సున్నాకు అటూ ఇటూ. ఢిల్లీ చలి తిన్నవాళ్ళు ఇదేంటి ఇంతేనా అనుకుంటారు, గాలి మొదలయ్యేదాకా.

ఆ గాలి కోసమే సర్దుకోవాలి. గొడుగు పట్టుకెళ్ళకండి. నాది మొదటి మలుపులోనే తిరగబడి ఊచలు విరిగింది, ఎదురొస్తున్నావిడ నవ్వాపుకుంటూ దారిచ్చింది. లోపల థర్మల్స్, మధ్యలో ఉన్ని, పైన గాలీ వానా దూరని జాకెట్. శీతాకాలమైతే బూట్ల కింద తగిలించుకునే ఇనుప ముళ్ళు అక్కడే కొనుక్కోవచ్చు. ఇక ఏ కాలమైనా ఈత దుస్తులు తప్పనిసరి. మంచు కురిసే ఊరికి ఈత దుస్తులేంటని ఇంట్లోవాళ్ళు అడుగుతారు. అడగనివ్వండి.

2. దిగాక మొదటి గంట

కెఫ్లావిక్ ఎయిర్‌పోర్టు ఊరికి సుమారు 50 కిలోమీటర్ల దూరం. దేశంలో రైళ్ళే లేవు. విమానం దిగే టైముకు సరిపడా ఎయిర్‌పోర్టు బస్సులుంటాయి, ముప్పావు గంట ప్రయాణం. టాక్సీ రేటు వింటే గుండె గుభేలుమంటుంది. కరెన్సీ క్రోనా. నోట్లు మార్చుకోవడం దండగ, అన్నిచోట్లా కార్డే నడుస్తుంది. టిప్పులిచ్చే అలవాటు లేదు. టైము మనకన్నా ఐదున్నర గంటలు వెనక, ఏడాదంతా అదే లెక్క.

గది చేరాక కుళాయి తిప్పితే రెండు సంగతులు తెలుస్తాయి. చన్నీళ్ళు ఏ ఫిల్టరూ లేకుండా తాగేయొచ్చు, రుచిగా ఉంటాయి. వాటర్ బాటిల్ కొనడం ఇక్కడ డబ్బు పారేసుకోవడమే. వేడినీళ్ళు మాత్రం కుళ్ళిన గుడ్డు వాసనేస్తాయి. కంగారుపడకండి, అవి భూగర్భంలోంచి వచ్చే నీళ్ళు, ఆ వాసన గంధకానిది. తాగడానికైతే చన్నీళ్ళ కుళాయిని కాసేపు వదిలి పట్టుకోండి. వేడి కుళాయి చాలా వేడిగా ఉంటుంది కాబట్టి పిల్లల చేతులు జాగ్రత్త. ఇంకో మాట, ఇది ఏ గైడుబుక్కులోనూ మన ఆడవాళ్ళ కోసం రాయరు: ఆ నీళ్ళు తగిలితే వెండి నల్లబడుతుంది. మెట్టెలు, పట్టీలు, మొలతాడు తీసి ఒక కవర్లో పెట్టేయండి.

3. మొదటి రోజు: చర్చి గుట్ట నుంచి సముద్రానికి

మ్యాప్ తీయక్కర్లేదు. ఊళ్ళో ఎక్కడ నిలబడ్డా కనిపించే బూడిద రంగు గోపురం హాల్‌గ్రిమ్స్‌కిర్క్యా చర్చి. అక్కడ మొదలుపెట్టండి. ఎత్తు 74.5 మీటర్లు. రాకెట్‌లా ఉందని అందరూ అనే ఆ ముందుభాగం నిజానికి లావా చల్లారినప్పుడు ఏర్పడే బసాల్టు స్తంభాల రూపం. నక్షా గీసిన గుడ్‌యోన్ సామ్యుయెల్సన్ 1950లో చనిపోయాడు. 1945లో మొదలైన కట్టడం 1986కి గాని పూర్తి కాలేదు. లోపలికి ఉచితమే, గోపురం పైకి లిఫ్టుకి టికెట్. ఈ ఊళ్ళో డబ్బు పెట్టి ఎక్కాల్సింది ఏదైనా ఉందంటే అదే. పైనుంచి చూస్తే ఎరుపు, నీలం, పసుపు కప్పులు రంగుల పెట్టె బోర్లించినట్టుంటాయి.

కిందికి దిగాక ఎదురుగా ఇంద్రధనస్సు రంగులేసిన స్కోలవర్దుస్తీగుర్ వీధి పట్టుకుని నడవండి. ఫోటో అయ్యాక రెండు పక్కల సందుల్లోకి దూరండి, అసలు ఊరు అక్కడుంది. గోడలను చేత్తో తట్టి చూడండి, రేకు మోత వస్తుంది. మన దగ్గర రేకుల ఇల్లంటే లేమికి గుర్తు. ఇక్కడ మంచి పాత ఇళ్ళన్నీ రేకుల ఇళ్ళే. చెట్లు తక్కువ కాబట్టి కలప కరువు. గాలివాన ఇళ్ళ చెక్కను తినేయకుండా 19వ శతాబ్దం చివర్లో ముడతల రేకులు తెప్పించి పైనుంచి తొడిగారు. తర్వాత వాటికి రంగులేసుకుని మురిసిపోయారు.

ఈ సందుల్లో ఒకటి రెండు దృశ్యాలు మిమ్మల్ని ఉలిక్కిపడేలా చేయొచ్చు. కాఫీ షాపు బయట చలిలో బండిలో పసిబిడ్డ ఒంటరిగా నిద్రపోతూ కనిపిస్తుంది. ఎవరో వదిలేసి పోయారనుకుని హడావుడి చేయకండి. తల్లి అద్దం వెనకే కూర్చుని కాఫీ తాగుతోంది, చల్లగాలిలో పిల్లలు బాగా నిద్రపోతారని వాళ్ళ నమ్మకం. అలాగే పిల్లులు. ఈ ఊరు పిల్లులది. 1924 నుంచి 1984 దాకా ఇక్కడ కుక్కల్ని పెంచడం నిషేధం, ఆ అరవయ్యేళ్ళలో వీధులన్నీ పిల్లుల పరమయ్యాయి. మెడలో పట్టీతో దర్జాగా షాపుల్లోకి వచ్చి కిటికీలో పడుకుంటాయి.

వీధి చివర లోయ్‌గవేగుర్ తగులుతుంది, ఊళ్ళో ప్రధాన బజారు. ఆ పేరుని తెలుగులో పెడితే ‘చాకిరేవు దారి’. పూర్వం ఆడవాళ్ళు బట్టల మూటలు మోసుకుంటూ ఊరి బయటి వేడినీటి ఊటల దగ్గరికి ఈ దారినే పోయేవారు. ఇప్పుడు అక్కడ టూరిస్టులకు బొమ్మలమ్మే షాపులు ఎక్కువ, నేనైతే త్వరగా దాటేయమంటాను. ఉన్ని స్వెట్టర్ కొనాలనుంటే తొందరపడొద్దు. దాని పేరు లోపపేయ్‌సా. చేత్తో అల్లిందా, ఐస్‌లాండ్‌లోనే అల్లారా అన్నది లేబుల్ మీద చదవండి. స్కోలవర్దుస్తీగుర్‌లో అల్లేవాళ్ళ సంఘం నడిపే దుకాణం ఉంది, ధర ఎక్కువే కానీ మోసం ఉండదు.

సముద్రపు ఒడ్డుకు చేరితే హార్పా, గాజు తేనెతుట్టె లాంటి సంగీత భవనం. దీని కథ తెలిస్తే ఊరి కథ సగం తెలిసినట్టే. 2008లో దేశంలోని పెద్ద బ్యాంకులు మూడూ కుప్పకూలినప్పుడు ఇది సగం కట్టి ఆగిపోయింది. మొండిగోడల్ని అలాగే వదిలేయాలా, ఉన్న డబ్బులో పూర్తి చేయాలా అని తర్జనభర్జన పడి, చివరికి పూర్తి చేసి 2011లో తెరిచారు. గాజు ముఖభాగం కళాకారుడు ఓలావుర్ ఎలియాసన్ రూపకల్పన. లోపల తిరగడానికి టికెట్ లేదు. వాన పడితే గంటసేపు కూర్చోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. ఒడ్డు వెంబడి ఇంకాస్త నడిస్తే సోల్‌ఫార్ అనే ఉక్కు నావ శిల్పం. వైకింగ్ ఓడ అనుకుంటారందరూ. చెక్కిన కళాకారుడు దాన్ని సూర్యుడి వైపు సాగే కలల నావ అన్నాడు. సాయంత్రం వెళ్ళండి.

4. సాయంత్రం: ఈతకొలను

ఈ ఊళ్ళో ఒక్కటే పని చేసే టైముంటే ఇదే చేయండి. టూరిస్టులు డబ్బు పోసే పెద్ద పెద్ద లగూన్లు, అంటే వేడినీటి మడుగులు, వేరు. నేను చెప్పేది మునిసిపాలిటీ వాళ్ళ పేట కొలను. మన ఊళ్ళో రచ్చబండ ఎలాగో వీళ్ళకిది అలాగ. చలికి ఆరుబయట రచ్చబండ కుదరదు కాబట్టి వేడినీళ్ళలో పెట్టుకున్నారు. పెద్దది లోయ్‌గర్‌దాల్స్‌లోయ్‌గ్. ఊరి నడిబొడ్డున 1937 నాటి సుంద్‌హోత్లిన్ ఉంది, చర్చి నక్షా గీసినాయనే దీనికీ గీశాడు. నాకు నచ్చింది పడమటి పేటలోని వెస్తుర్‌బైయర్‌లోయ్‌గ్, అక్కడ టూరిస్టుల గోల తక్కువ.

వరస ఇది. టికెట్ తీసుకుని బూట్లు బయటే అరలో విప్పేయాలి. ఆడవాళ్ళకు, మగవాళ్ళకు వేరువేరు గదులు. బట్టలు లాకర్లో పెట్టి, తువ్వాలు తీసుకుని షవర్ల దగ్గరికి వెళ్ళాలి. టెన్షన్ అంతా ఇక్కడే. ఈత దుస్తులు వేసుకోకముందే, ఒంటిమీద నూలుపోగు లేకుండా, సబ్బుతో శుభ్రంగా స్నానం చేయాలి. అదీ అందరి మధ్యే. తల, చంకలు, గజ్జలు, పాదాలు అని ఎక్కడెక్కడ రుద్దుకోవాలో గోడమీద బొమ్మ వేసి ఎర్రగా గుర్తు పెట్టి మరీ చూపిస్తారు. తప్పించుకుని పోదామనుకుంటే కాపలా మనిషి వెనక్కి పిలుస్తారు. కారణం ఉంది, కొలనులో క్లోరిన్ చాలా తక్కువ వేస్తారు కాబట్టి శుభ్రత మన ఒంటిమీదే ఆధారపడి ఉంటుంది. స్నానం చేయకుండా దిగేవాళ్ళంటే వాళ్ళకు వెగటు.

మనకు సిగ్గు సహజం. చిన్నప్పుడు నలుగురిలో స్నానమంటే చెరువులోనో కాలవలోనో, అదీ బట్టలతో. కొన్ని కొలనుల్లో తలుపున్న షవర్లు ఒకటి రెండుంటాయి, కౌంటర్లో మొహమాటపడకుండా అడగండి. లేకపోతే గోడవైపు తిరిగి రెండు నిమిషాల్లో కానిచ్చేయండి. మీవైపు ఎవరూ చూడరు, చూసే తీరిక అక్కడెవరికీ ఉండదు. ఫోను మాత్రం ఆ గదుల్లో బయటికి తీయకూడదు.

బయటికొస్తే మంచు గాలి, నాలుగంగల్లో వేడి తొట్టి. తొట్టెలు ఒక్కోటి ఒక్కో వేడి, 38 డిగ్రీల నుంచి 44 దాకా, గోడమీద అంకె ఉంటుంది. మొదట తక్కువదాంట్లో దిగండి. మెడదాకా మునిగి కూర్చుంటే పైన జుట్టు మీద మంచు పేరుకుంటుంది, కింద ఒళ్ళంతా కరిగిపోతుంది. పక్కన కూర్చున్నాయన మంత్రి కావచ్చు, చేపల పడవ మీద పనిచేసేవాడు కావచ్చు. గౌరవ వాచకాలు లేవు. దేశాధ్యక్షురాలినైనా పేరు పెట్టే పిలుస్తారు. ఇంటిపేర్లు దాదాపు లేవు. తండ్రి పేరుకో తల్లి పేరుకో ‘కొడుకు’ అనో ‘కూతురు’ అనో తగిలిస్తారు, ఫోను డైరెక్టరీ కూడా మొదటి పేరు వరసలోనే ఉండేది. ముందు ఇంటిపేరు రాసుకునే మనకు ఇది తలకిందుల లెక్క. ఎవరైనా మాట్లాడితే వాతావరణం దగ్గరే మొదలవుతుంది. అవునని అనేటప్పుడు కొందరు ‘యా’ని ఊపిరి లోపలికి పీలుస్తూ అంటారు. ఆయాసమేమో అనుకోకండి, అదొక అలవాటు.

తువ్వాలు మీదే తీసుకెళ్ళండి, లేదా అద్దెకిస్తారు. బ్యాంకులు మునిగాక 2010 మేయర్ ఎన్నికల్లో యోన్ గ్నార్ అనే హాస్యనటుడు వెక్కిరింతగా పార్టీ పెట్టి, కొలనుల్లో తువ్వాళ్ళు ఉచితం, జూకు ధ్రువపు ఎలుగుబంటి అని హామీలిచ్చాడు. గెలిచి నాలుగేళ్ళు మేయర్‌గా కూడా చేశాడు. తువ్వాలుకి ఇప్పటికీ డబ్బు కట్టాల్సిందే.

5. తిండి, ఖర్చు

హోటల్లో రెండు పూటలా తింటే జేబు ఖాళీ. బోనుస్ సూపర్ మార్కెట్ గుర్తు గులాబీ రంగు పందిబొమ్మ, చౌకది అదే. వంటగది ఉన్న గది తీసుకుంటే బాస్మతి బియ్యం అక్కడే దొరుకుతాయి. పెరుగు కోసం వెతుక్కోకండి, స్కీర్ కొనండి. బాగా వడగట్టిన గట్టి పెరుగులా ఉంటుంది. ఏమీ కలపని చప్ప రకం తీసుకుని, కాసిన్ని పాలు పోసి పలచన చేసి అన్నంలో కలిపితే పెరుగన్నం లోటు తీరుతుంది. పూర్తి శాకాహారులు డబ్బా మీద చదవండి, సంప్రదాయ పద్ధతిలో దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ వాడతారు.

మాంసం తినేవాళ్ళు రేవు దగ్గర బైయారిన్స్ బెస్తు పిల్సుర్ బండి దగ్గర వరసలో నిలబడాలి. 1937 నుంచీ ఉన్న హాట్‌డాగ్ బండి అది. ‘ఎయ్‌నా మెద్ ఓత్లు’ అనండి, అన్నీ వేసి ఒకటి అని. పచ్చి ఉల్లి, వేయించిన ఉల్లి, తియ్యటి ఆవాల ముద్ద, కెచప్, ఇంకో తెల్ల సాస్. సాసేజ్ ఎక్కువభాగం గొర్రె మాంసమే కానీ అందులో పందీ గొడ్డూ కూడా కలుస్తాయి, అవి తిననివాళ్ళు ముందే తెలుసుకోండి. ఎండుచేపలు ఇష్టమైతే హార్ద్‌ఫిస్కుర్ కొనండి. వేయించరు, పులుసు పెట్టరు. చింపి వెన్న రాసుకుని నమిలేస్తారు. నాకు తెగ నచ్చింది, నా పక్కనున్నవాళ్ళకు కాదు. చర్చి ఎదురుగా ఉన్న కాఫే లోకిలో రై రొట్టె ముక్కలు వేసిన ఐస్‌క్రీమ్ అడగండి. ఇక మసాలా మీదికి మనసు పోతే హ్వెర్‌విస్‌గాతా వీధిలో 1994 నుంచి నడుస్తున్న ఇండియన్ రెస్టారెంటు ఉంది. పేరు ఓయ్‌స్తుర్-ఇందియాఫ్యెలగిద్. అనువదిస్తే ఈస్టిండియా కంపెనీ!

మందు కొనాలంటే ఎక్కువగా ప్రభుత్వ దుకాణమే దిక్కు, సాధారణంగా ఆదివారం మూసేస్తారు. ఇక్కడ బీరు మీద నిషేధం 1989 మార్చి 1 దాకా ఉండేది. ఘాటైన సారాయి దొరికేది, బీరు దొరికేది కాదు.

6. రెండో రోజు: వింతల వరస

పొద్దున్నే ట్యోర్‌నిన్ చెరువు గట్టుకు వెళ్ళండి. చలికాలం చెరువు గడ్డకట్టినా బాతుల కోసం ఒక మూల వేడినీళ్ళు వదిలి కరిగిస్తారు. గట్టు మీదే నగర సభా భవనం. రెండు నిమిషాల దూరంలో పార్లమెంటు. 1881 నాటి నల్లరాతి భవనం, మన జిల్లాల్లోని పాత కోర్టు కట్టడమంత ఉంటుంది. ఆ సభ పేరు అల్థింగి, మొదలైంది క్రీ.శ. 930లో, ఇక్కడ కాదు, థింగ్‌వెత్లిర్ అనే మైదానంలో. ప్రధాని ఆఫీసు ఇంకా చిన్నది. పెద్ద గేట్లు లేని ఆ తెల్ల భవనాన్ని 18వ శతాబ్దంలో కట్టింది జైలు కోసం!

మ్యూజియాల్లో ఒక్కటే చూడమంటే అదల్‌స్త్రైతి వీధిలో నేల కింద ఉన్నది చూడండి. 2001లో తవ్వకాల్లో బయటపడ్డ పదో శతాబ్దపు పొడవాటి ఇంటి పునాది, దాని చుట్టూనే మ్యూజియం కట్టారు. పక్కనే ఇంకా పాత గోడ ముక్క ఒకటుంది. ఒక అగ్నిపర్వతం బూడిద పొర దాని మీద పడింది. ఆ బూడిద తేదీ 871, రెండేళ్ళు అటూ ఇటూ. అందుకని మ్యూజియానికి ‘871±2’ అనే పేరు పెట్టారు, లెక్కలో తేడాతో సహా.

బాంకాస్త్రైతి వీధిలో మెట్లు దిగితే ఒకప్పటి పబ్లిక్ టాయిలెట్లో పంక్ సంగీతపు మ్యూజియం ఉంది. చిరునామా నంబరు 0. జంతువుల పురుషాంగాల మ్యూజియం కూడా ఉందిక్కడ. అత్తమామలతో వెళ్తుంటే బోర్డు చదివే లోపే దాటించేయండి. ఒడ్డు వెంబడి తూర్పుకు నడిస్తే హోవ్ది అనే తెల్ల ఇల్లు. 1986 అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నేత గోర్బచేవ్ అణ్వాయుధాల గురించి కూర్చుని మాట్లాడింది అందులోనే. అంతకుముందు అక్కడున్న బ్రిటన్ దౌత్యవేత్త దెయ్యం బాధ పడలేక ఇల్లు అమ్మించాడని చెప్పుకుంటారు. లోపలికి పోనివ్వరు, బయటినుంచే చూడాలి.

వాన విపరీతమైతే ఏ కాఫీ షాపులోనో కిటికీ పక్కన కూర్చోండి. వీళ్ళకు ‘గ్లుగ్గవేదుర్’ అని ఒక మాటుంది, కిటికీలోంచి చూడటానికి మాత్రమే బాగుండే వాతావరణం అని.

7. రాత్రి

సెప్టెంబరు నుంచి ఏప్రిల్ మధ్య వెళ్తే ధ్రువ కాంతులకు (నార్తర్న్ లైట్స్) ఆశ పెట్టుకోవచ్చు. అందుకోసం ఖరీదైన టూర్ తప్పనిసరి కాదు. వాతావరణ శాఖ వెబ్‌సైట్లో మేఘాల మ్యాప్ చూడండి. అందులో తెల్లగా ఉన్నచోట ఆకాశం నిర్మలంగా ఉన్నట్టు. అది ఊరి మీద ఉంటే పడమటి కొసన ఉన్న గ్రోత్తా లైట్‌హౌస్ వైపు వెళ్ళండి, దీపాల వెలుతురు తక్కువ. లైట్‌హౌస్ దాకా నడవాలంటే మాత్రం ఆటుపోట్ల సమయాలు చూసుకోండి, పోటొస్తే దారి మునిగిపోయి అవతలే ఇరుక్కుపోతారు. పక్షులు గుడ్లు పెట్టే వేసవి వారాల్లో అక్కడికి పోనివ్వరు. జూన్, జులైలో కాంతులు కనపడవు, చీకటే పడదు కదా. ఆ నెలల్లో కళ్ళకు కట్టుకునే గుడ్డ తీసుకెళ్ళండి, లేకపోతే పిల్లలు రాత్రి ఒంటిగంటకు తెల్లారిందని లేచి కూర్చుంటారు.

8. ఊరు దాటాలంటే, తిరిగి వెళ్ళాలంటే

థింగ్‌వెత్లిర్ మైదానం, గీసిర్ వేడినీటి బుగ్గలు, గుత్ల్‌ఫాస్ జలపాతం కలిపి చూపించే రోజు టూర్ ఇక్కడినుంచే బయల్దేరుతుంది. దాని గురించి అందరూ రాశారు, నేను రాయను. ఎయిర్‌పోర్టు ఉన్న రెక్యానెస్ ద్వీపకల్పం వైపు 2021 నుంచి లావా పదే పదే ఎగజిమ్ముతోంది కాబట్టి ఆ దిక్కు ప్లాన్ ఉంటే ఆ పొద్దున్నే వార్తలు చూడండి. అత్యవసరమైతే నంబరు 112.

టూర్ బస్సయినా, ఎయిర్‌పోర్టు బస్సయినా, నడిబొడ్డులో హోటల్ గుమ్మం ముందుకు రావు. పెద్ద బస్సులను ఆ సందుల్లోకి రానివ్వరు. నంబర్లేసిన బస్‌స్టాపులుంటాయి. మీకు దగ్గర్లోది ఏ నంబరో ముందురోజు సాయంత్రమే నడిచి చూసుకోండి, తెల్లవారుజామున గాలిలో సూట్‌కేసు లాక్కుంటూ వెతకడం నరకం.

మీ విమానం మధ్యాహ్నమైతే ఇంకో పని చేయొచ్చు. మామూలు రోజుల్లో కొలనులు పొద్దున ఆరున్నరకే తెరుస్తారు. చీకట్లో ఆవిరి మధ్య ముసలివాళ్ళు అప్పటికే మెడదాకా మునిగి వార్తలు చర్చిస్తుంటారు. అరగంట వాళ్ళ మధ్య కూర్చుని లేవండి. తడి ఈత దుస్తులతో లగేజ్ పాడవుతుందని బెంగ వద్దు. షవర్ల పక్కన గోడకు చిన్న మెషిన్ ఉంటుంది. అందులో పెట్టి మూత పది సెకన్లు నొక్కితే నీళ్ళన్నీ పిండేస్తుంది.